ముప్పై నాలుగు (మూడు నాలుగు)

“ఏదీ, ఆ బొటనవేలు చూపించు,” అంది సుష్మ.

చైతన్య చూపించాడు. వేలికి తింటున్న ఉగ్గాణి అంటుకుని ఉంది.

“ఈ వేలేనా నొక్కింది?”

“నేను కాదని నిన్నటి నుంచి చెప్తున్నా అక్కా.”

“ఇంట్లో పొద్దంతా ఉండేది నువ్వు. అరవై ఒక్క గంటలు ఆడే తీరిక ఉన్నది నీకు. ఆటలో దెబ్బ తగిలితే తెలియట్లేదని మొన్న అన్నం తింటూ అన్నది నువ్వు. ఆ రివ్యూ రాసినవాడి ఊరు తార్నాక. ఇంకెవర్రా?”

“తార్నాకలో మనమే ఉన్నామా?”

“తార్నాకలో చాలామంది ఉన్నారు. పనిలేనివాడివి నువ్వొక్కడివే.”

జయమ్మ పెనం మీదికి వంగింది. కొడుకు తరఫున మాట్లాడితే కూతురు ఏడుస్తుంది, కూతురు తరఫున మాట్లాడితే కొడుకు తినడం మానేస్తాడు. తల్లులకు పెనం ఉన్నది ఇలాంటప్పుడు చూడ్డానికే.

ఇంటర్నెట్టులోని గేముల అంగడిలో ఒక నియమం ఉంది. ఆడినవాడు బొటనవేలు పైకెత్తాలి, లేదా కిందికి దించాలి. మధ్యలో వేలు పెట్టడానికి వీల్లేదు. సుష్మ, జశ్వంత్ కలిసి మూడేళ్ళు వేల గంటలు పోసి చేసిన ఆట ‘చిట్టీలక్ష్మి’ ఇప్పుడు ఒక్క వేలు దగ్గర ఆగిపోయింది. నూట నలభై మంది తీర్పు చెప్పారు. తొంభై ఏడు వేళ్ళు పైకి, నలభై మూడు కిందికి. శాతం అరవై తొమ్మిది.

సాయంత్రం ఆరు గంటలకు డెబ్బై కావాలి. ఆటను దేశదేశాల గేము యంత్రాల మీదికి ఎక్కిస్తామన్న కంపెనీలోని హరిచందన పెట్టిన షరతు అది. “డెబ్బై ఉంటే సంతకం, లేకపోతే నమస్కారం,” అని ఆమె నవ్వుతూనే చెప్పింది. డెబ్బై శాతం కావలసిన ఆ ఇంట్లో పొద్దున తొమ్మిదింటికి ఏడు పాళ్ళ శాంతం కూడా లేదు.

దీన్ని ఇండీ గేము అంటారు. ఇండిపెండెంటుకు ముద్దుపేరు. ఏ పెద్ద కంపెనీ మీదా ఆధారపడదు. అమ్మ వంట మీద, నాన్న ఇంటి మీద, స్నేహితుడి బొమ్మల మీద మాత్రమే ఆధారపడుతుంది. కథ చిన్నది. చిట్టీలక్ష్మి కాపీ చిట్టీలతో పరీక్ష హాళ్ళలో పరుగెత్తుతూ ఉంటుంది. ఫ్లయింగ్ స్క్వాడు నిజంగానే రెక్కలతో ఎగిరి వస్తుంది. చేతిలోని పరీక్ష అట్టతో వాళ్ళను కొట్టుకుంటూ అయిదు హాళ్ళు దాటితే చివర ఎర్రసిరా దొర నిలబడి ఉంటాడు. బల్లెమంత ఎర్ర కలం, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, ఎడమ చెంప మీద మచ్చ. “టైమయింది, పేపర్లియ్యండి” అంటూ పొడుస్తాడు.

ఆ కళ్ళజోడూ ఆ మచ్చా ఉన్న అసలు మనిషి అప్పుడు సోఫాలో కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాడు.

వెంకటేశ్వర్లు యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. కూతురు తన ముఖాన్ని ఆటలో పెట్టిందని ఆర్నెల్ల కిందటే తెలుసు. ఒక్క మాట అనలేదు. మాట పడేస్తే పోతుందనుకునే మనుషులున్నారు, దాచుకుంటే పెరుగుతుందనుకునేవాళ్ళున్నారు. ఈయన రెండో రకం.

“ఏమయ్యా, నువ్వన్నా చెప్పు,” అంది జయమ్మ.

“రెండు తొమ్మిది ఏండ్లొచ్చినాయి దానికి. నేనేం చెప్పేది?” అన్నాడాయన, ఇంకో కాయ తీసుకుంటూ.

సుష్మ ఫోను తెరిచి ఆ రివ్యూ మళ్ళీ చదివింది. రాసేవాడికి అది రివ్యూ. పడేవాడికి రువ్వు.

“‘ప్రశ్న ఒకటి, పరుగు. బాగున్నది. పన్నెండు. ప్రశ్న రెండు, దెబ్బ. అట్టతో కొట్టినప్పుడు తగిలినదీ లేనిదీ తెలియదు. శబ్దం ముందు, దెబ్బ తర్వాత. అయిదు. ప్రశ్న మూడు, హాళ్ళు. మూడో హాలు నుంచి అవే బెంచీలు. తన జవాబును తానే కాపీ కొట్టినట్టున్నది. ఆరు. ప్రశ్న నాలుగు, సంగీతం. తొమ్మిది. ప్రశ్న అయిదు, ఎర్రసిరా దొర. అతనికి అంత కోపం ఎందుకో రాయలేదు. జవాబు అసంపూర్ణం. రెండు. మొత్తం ముప్పై నాలుగు, బ్రాకెట్లో మూడు నాలుగు. మోడరేషన్ మార్కులు కలపలేదు.’ కింద పేరు చూడు, నిష్పక్షపాతి అంట. వీడికి పక్షవాతం రావాలి.”

సోఫాలో కాయ టప్పుమంది.

“మూడు వందల మంది దీనికి ‘ఉపయోగపడింది’ అని నొక్కారు. అందుకే ఇది అన్నిటికంటే పైన కూర్చుంది. వచ్చినవాడు ముందు ఇది చదివి తర్వాత ఆట ఆడుతున్నాడు. కాలేజీలో పిల్లలు నన్ను చూస్తే మూడు నాలుగు, మూడు నాలుగు అని చప్పట్లు కొడుతున్నారు. నాకు మూడింది, వాళ్ళకు మూడు బాగుంది.”

“నేను రాసింది తీసేసిరి గదా పాపా,” అంది జయమ్మ. “ఉంటే ఒకటి కలిసేది.”

జయమ్మ రాసింది ఇది: ‘మా పాప చేసింది, చానా బాగుంది, అందరూ ఆడండి.’ సొంతవాళ్ళ ఓట్లు చెల్లవని ఆ అంగడివాళ్ళు రెండు రోజులు విచారించి తీసేశారు. అప్పటి నుంచి సుష్మ ఇంట్లో చట్టం చేసింది, ఎవరూ ఓటు వెయ్యకూడదని. ఆటను మొదటి నుంచి ఆడి, తప్పులు వెతికి పెట్టిన చైతన్య కూడా వెయ్యలేదు.

“అక్కా,” అన్నాడు చైతన్య, కంచం పక్కకు జరిపి. “నాకు నీ ఆట నచ్చకపోతే నా పేరుతోనే రాస్తా. దొంగపేరు ఎందుకు పెట్టుకుంటా?”

“నీ పేరుతో రాస్తే ఎవరు చదువుతారు? నాలుగు ఇంటర్వ్యూలకు పోతే నీ పేరు పిలిచినవాళ్ళు కూడా మర్చిపోయారు.”

ఈసారి జయమ్మ పెనం వైపు చూడలేదు. వెంకటేశ్వర్లు కాయ ఒలవలేదు. చైతన్య ఒక్కసారి తండ్రి వైపు చూశాడు. ఆయన చిప్పలో గింజలు వేళ్ళతో సర్దుతున్నాడు, పైన ఉన్నవాటిని కిందికీ కింద ఉన్నవాటిని పైకీ.

“సరే. నేనే అనుకో,” అని చైతన్య లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు.

అక్క వేరు, కసి వేరు. రెండూ కలిస్తే అక్కసు. సుష్మ బయటికి వస్తూ, మెట్రో స్తంభాల కింద ఆటో కోసం నిలబడి, ఆటగాళ్ళందరూ ఆన్‌లైన్లో కబుర్లు చెప్పుకునే చోట నాలుగు ముక్కలు రాసి పడేసింది.

‘మీరంతా మోస్తున్న ఆ నిష్పక్షపాతి నా సొంత తమ్ముడు చైతన్య. ఇరవై ఆరేళ్ళు. ఉద్యోగం లేదు. నాలుగు ఇంటర్వ్యూలు ఫెయిలు. తను పాస్ కాలేనివాడు నాకు మార్కులు వేస్తున్నాడు.’

కింద వాడి ఫొటో కూడా పెట్టింది.

*

యూనివర్సిటీలో డిపార్ట్‌మెంటు ముందు పిల్లల ఫెస్టు. వేపచెట్టుకు కట్టిన గుడారంలో టీవీ పెట్టి జశ్వంత్ ‘చిట్టీలక్ష్మి’ని ఆడిస్తున్నాడు. జశ్వంత్‌ది వారాసిగూడ. ఆటలో బొమ్మలన్నీ అతను గీసినవే. పిల్లలు ఎగబడి ఆడుతున్నారు, అంతకంటే ఎగబడి అంటున్నారు.

“ఉరుకుడు మస్తున్నది భయ్యా. పట్టుకుంటే ఇడువబుద్ధి అయితలేదు.”

“ఉరుకుడు సరే, కొట్టుడేది? అట్ట తాకినట్టే లేదు. పల్లీల పొట్లం ఇసిరినట్టున్నది.”

“దొర మాత్రం కిరాక్. ఆయన్ని కొడుతుంటే మా లెక్కల సార్‌ని కొట్టినంత తృప్తి.”

“నాకైతే దొరను చూస్తే పాపమనిపిస్తది,” అంది ఒక అమ్మాయి. “ముసలాయన. ఒక్కడే నిలబడి ఉంటడు. ఎందుకు కొట్టాల్నో చెప్పరు.”

“ఎందుకేంది? దొర కాబట్టి.”

“గదే, జవాబు అసంపూర్ణం,” అన్నాడు ఇంకొకడు. గుడారమంతా ఒక్కసారి “మూడు నాలుగు” అని చప్పట్లు కొట్టింది.

సుష్మ గుడారం వెనక్కి వచ్చేసరికి జశ్వంత్ ఫోను పట్టుకుని ఎదురొచ్చాడు.

“గిదేం రాసినవ్ సుష్మా?”

“నిజం రాశా.”

“కింద ఏం రాస్తున్నరో చూసినవా? నిరుద్యోగి నిష్పక్షపాతి అంటున్నరు. వాని ఫొటోకు అట్ట తగిలించి ఆట చేసిండ్రు ఎవరో. గంటల నాలుగు వందల మంది కొట్టిండ్రు వాణ్ణి.”

“ఆ అట్ట తగిలినట్టు తెలుస్తోందా?”

జశ్వంత్ ఆమె ముఖంలోకి చూశాడు. “నువ్వు జోక్ చేస్తున్నవా?”

“వాడు నా మూడేళ్ళతో జోక్ చేశాడు.”

“వాడే అని నీకెట్ల తెలుసు?”

సుష్మ బల్ల మీద ఉన్న ఫైలు లాగింది. జిరాక్సు కాగితాలు. పైన ఒక దరఖాస్తు.

“ఇదేంటి?”

“ఉద్యోగానికి. హబ్సిగూడల ఒక ఆఫీసు.” జశ్వంత్ చూపు తిప్పుకున్నాడు. “ఆరింటికి డెబ్బై రాకపోతే ఏం జెయ్యాలె? మా అమ్మకు ఏమని చెప్పాలె? మూడేండ్లు దొరను గీసిన అని చెప్పాల్నా?”

“నువ్వు కూడా వేలు కిందికే పెట్టావన్నమాట.”

“వేలు పెట్టలే. అప్లికేషన్ పెట్టిన.”

ఆమె కోపంగా కాగితాలు తిరగేసింది. ఒక మార్కుల మెమో కింద పడింది. తీస్తూ చూసింది. సబ్జెక్టు, పక్కన అంకె, అంకె పక్కన అక్షరాలు.

“నలభై ఒకటా ఇంగ్లిషులో?”

“నవ్వకు. గది మళ్ళ నలభై ఒకటి అని గూడ రాయరు. చూడు, ఫోర్ వన్ అంట. ఎవరన్న ఇండ్ల నలభై ఒకటిని నాలుగు ఒకటి అంటరా? గట్ల రాసుడు మీ నాన్న ఆఫీసోళ్ళకే తెల్సు.”

సుష్మ మెమో వైపు చూస్తూ ఉండిపోయింది.

అంకెను ఎవరూ దిద్దకుండా పక్కన ఒక్కో అంకెనూ విడివిడిగా అక్షరాల్లో రాయడం ఆ సెక్షన్ పద్ధతి. ఆ పద్ధతి ఫైలు లోంచి ఒక మనిషి నోట్లోకి ఎక్కింది. ఒకటి సున్నా ఏడు నంబరు బస్సు. రెండు అయిదు సున్నా గ్రాముల అల్లం. రెండు తొమ్మిది ఏళ్ళ కూతురు. ఇరవై తొమ్మిదేళ్ళుగా వింటున్న మాట చెవికి అలవాటై, చెవి దాన్ని వినడం మానేసింది. ఊరంతా చప్పట్లు కొట్టి పాడుతున్న ఆ మూడు నాలుగు వేళాకోళం కాదు. అది ముప్పై నాలుగే.

“జశ్వంత్, ఒక ఓటు తీసేస్తే ఎంత అవుతుంది?”

అతను ఫోన్లో లెక్క వేశాడు. “అరవై తొమ్మిది పాయింట్ ఏడు. చాలదు.”

“అదే ఓటు తిరగబడితే?”

“తొంభై ఎనిమిది బై నూట నలభై.” అతను తలెత్తాడు. “కరెక్టుగ డెబ్బై. ఎందుకు? చైతన్య తిప్పుతనన్నడా?”

“చైతన్య కాదు,” అంటూనే ఆమె ఆటో వైపు నడిచింది.

“అయితే ఆ పోస్టు తీసెయ్,” అని వెనక నుంచి అరిచాడు జశ్వంత్. ఆటో మోతలో అది ఆమెకు వినబడిందో లేదో అతనికి తెలియదు. ఆమెకు తెలుసు.

*

నాలుగున్నరకు ఆమె ఇంట్లోకి వచ్చేసరికి వెంకటేశ్వర్లు నానబెట్టిన అనపగింజలు ముందు పెట్టుకుని పితుకుతున్నాడు. గింజను రెండు వేళ్ళ మధ్య పెట్టి బొటనవేలితో నొక్కితే పప్పు ఒక గిన్నెలోకి దూకుతుంది, తొక్క చేతిలో మిగులుతుంది. పితుకుపప్పు పులుసు ఆ ఇంట్లో పండగ.

“నాన్నా, మూడు పక్కన నాలుగు వేస్తే ఎంత?”

“మూడు నాలుగు,” అన్నాడాయన.

అన్నాక బొటనవేలు ఆగింది.

గదిలో ఉన్న చైతన్య తలుపు దగ్గరికి వచ్చాడు. జయమ్మ వంటింట్లోంచి వచ్చింది. గింజ ఒకటి జారి నేల మీద దొర్లుతూ సోఫా కిందికి పోయింది. ఎవరూ తియ్యలేదు.

“మధ్యాహ్నాలు తలుపేసుకోని టకటకా కొడతాంటే టైపు చేస్తాండాడేమో అనుకుంటి,” అంది జయమ్మ నెమ్మదిగా.

“పొద్దున వాణ్ణి నేను అట్లా అంటుంటే నువ్వు కూర్చుని కాయలు ఒలిచావా?”

“నువ్వు నన్నడగలే.”

“అడిగితే చెప్పేవాడివా?”

“అడిగింటే చెప్పేవాణ్ణి. నేను అబద్ధం ఎప్పుడాడినా?”

సుష్మ తమ్ముడి వైపు తిరిగింది. “నీకు తెలుసా?”

“ఖాతా తెరిచి ఇచ్చింది నేనే,” అన్నాడు చైతన్య. “ఎవరికీ చెప్పొద్దన్నాడు.”

“అయితే చెప్పవా?”

“చెప్పొద్దన్నాడని చెప్తున్నా గదా.” వాడి చేతిలో ఫోను ఆగకుండా వణుకుతోంది, ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్న సందేశాలతో. “అక్కా, నేను కాదని అక్కడ ఒక్క మాట రాయి. ఒక్కటే మాట. కాలేజీ వాళ్ళందరికీ పోయింది. రేపు ఇంటర్వ్యూ ఉన్న ఆఫీసులో మా సీనియర్ ఉన్నాడు, వాడు కూడా పంపాడు నాకే. నవ్వుతున్న బొమ్మ పెట్టి.”

“రాస్తా. ఆరు దాటాక.”

“ఇప్పుడెందుకు కాదు?”

“ఇప్పుడు రాస్తే మరెవరని అడుగుతారు. నాన్న అని చెప్పాలి. సొంతవాళ్ళ ఓటు చెల్లదు. నాన్న ఓటు నాకు ఇప్పుడు కావాలి.” ఆమె గడియారం చూసింది. “గంటన్నర ఓర్చుకోలేవా? పొద్దుటి నుంచి ఓర్చుకున్నావు కదా.”

చైతన్య తలుపు చట్రానికి ఆనుకుని అక్కడే నిలబడ్డాడు. తండ్రి అయినా ఏదైనా అంటాడేమోనని కాసేపు చూశాడు. ఆయన చేతిలోని తొక్కలను ఒక్కొక్కటీ విదిలించుకుంటున్నాడు.

“దొరకు నీ ముఖం పెట్టానని కక్ష కట్టావా?” అంది సుష్మ తండ్రితో.

“ముఖం బాగానే గీసినాడు జశ్వంతు. మచ్చ గూడా సరిగ్గా పెట్టినాడు. మిగిలింది తప్పు.” ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. “టైమయింది, పేపర్లియ్యండి అని నేను యానాడూ అనలే. నేను హాల్లోకి పోయినోణ్ణి గాదు. ఎర్రసిరా నాకు ఎవరూ ఇయ్యలే. అది దిద్దేవాళ్ళది. నాది నీలం. వాళ్ళు వేసిన అంకెను నేను పుస్తకంలోకి ఎక్కించేవాణ్ణి, అంతే. ముప్పై ఒక్క ఏండ్లు ఊరందరి మార్కులు రాసినా పాపా. నా చేత్తో నేను వేసింది ఇదొక్కటే.”

“ఆ ఒక్కటీ నాకే వేశావు. అదే అంకె.”

అదే అంకె. డిగ్రీ మూడో ఏడు, లెక్కలు, ముప్పై నాలుగు. పాసుకు ముప్పై అయిదు. ఆ పుస్తకం ఆ రోజు ఈయన బల్ల మీదే ఉంది. నాలుగును అయిదు చెయ్యమని ఆమె అడగలేదు. దిద్దినవాళ్ళను మళ్ళీ ఒకసారి చూడమని అడగమంది. అప్పుడు ఆయన అన్న మాట ఇంట్లో నలుగురికీ కంఠస్థం. ‘వేసింది మార్కు, కలిపింది మరక.’ సుష్మకు ఒక ఏడు పోయింది. బెంగుళూరులో వచ్చిన సీటు పోయింది. మరక పడలేదు. మనిషి మాసిపోయింది.

“ఆ అంకె నేను వెతికి పెట్టలే,” అన్నాడాయన. “కూడితే అంతే వచ్చింది. అయిదుసార్లు కూడినా.”

“నాన్నా, ఆ వేలు తిప్పు.”

ఆయన తన చేతి వైపు చూసుకున్నాడు.

“కిందికి ఉన్నది పైకి. అంతే నేను అడిగేది. ఒక్క నొక్కు. అప్పుడు ఒక్క మార్కు అడిగా, ఇవ్వలేదు. ఇప్పుడు ఇవ్వు.”

“తిప్పాలంటే మళ్ళా దిద్దాల. దిద్దకుండా తిప్పితే దాన్ని ఏమంటారో నీకు చెప్పినా.”

“దిద్దు అయితే. టైముంది.”

“దిద్దితే తగ్గొచ్చు.”

“తగ్గితే తగ్గనీ.”

“ఒప్పుకుంటాండావా?”

“సంతకం కూడా పెట్టనా?”

వెంకటేశ్వర్లు లేచి చేతులు కడుక్కున్నాడు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. గదిలో చైతన్య వాడే కంప్యూటరు బల్ల ముందు ఆయనే కూర్చున్నాడు. ఈ ఇంట్లో ఉద్యోగం లేనివాళ్ళు ఇద్దరు, బల్ల ఒక్కటి.

అరవై ఒక్క గంటలు ఆడిన మనిషి ఎలా ఆడతాడో ఆట చేసిన మనిషి అప్పుడే మొదటిసారి చూసింది. తెర మీద చిట్టీలక్ష్మి ఉరుకుతోంది. ఆయన వెన్ను నిటారుగా ఉంది, కళ్ళు రెప్ప వెయ్యడం లేదు, వేళ్ళు మాత్రం పాత టైపు మిషను మీద పడినట్టు పడుతున్నాయి. రెక్కలవాళ్ళు వచ్చారు, రాలారు. మొదటి హాలు. రెండో హాలు. మూడో హాల్లో “ఇదిగో, అవే బెంచీలు,” అన్నాడు. నాలుగు. అయిదు.

అయిదున్నర దాటి పది నిమిషాలకు ఎర్రసిరా దొర వచ్చాడు.

కళ్ళజోడు ముందు కళ్ళజోడు. మచ్చ ముందు మచ్చ. దొర బల్లెం ఎత్తి, “టైమయింది, పేపర్లియ్యండి,” అన్నాడు. వెంకటేశ్వర్లు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. దొర ముఖం మీద కొట్టాడు, మచ్చ మీద కొట్టాడు, కింద పడ్డాక కూడా కొట్టాడు. జయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దొర పడిపోయాక కూడా ఆయన వేళ్ళు కాసేపు ఆగలేదు.

“ఇప్పుడు తెలిసింది,” అన్నాడు.

“ఏంటి?”

“వానికి కోపం ఎందుకో. ఇంతమంది కొడతాంటే కోపం రాక ఏం చేస్తాది? రెండు వేసినా గదా ఆ ప్రశ్నకు. మూడు వేస్తా.”

“అయితే ముప్పై అయిదు,” అంది సుష్మ.

“మూడు అయిదు.” ఆయన ఆమె వైపు తిరగలేదు. “అయితే పాపా, అది నువ్వు రాసింది గాదు. చదివినోడు తెలుసుకున్నాడు. చదివినోని తెలివికి రాసినోళ్ళకు మార్కు వెయ్యగూడదు. నాకు తెలుసు. తెలిసే వేస్తాండా.”

“అంటే?”

“అంటే ఇది మరక.”

ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుని రెండును మూడు చేశాడు. నాలుగును అయిదు చేశాడు. బ్రాకెట్లో మూడు అయిదు అని రాశాడు. వేలు పైకి తిప్పాడు. తిప్పాక ఆ చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు, ఎవరిదో వస్తువు పట్టుకున్నట్టు.

అయిదూ యాభై రెండుకు అంకె మారింది. డెబ్బై.

సుష్మ తండ్రి భుజాలు పట్టుకుంది. జశ్వంత్‌కు ఫోను చేసి, “డెబ్బై, డెబ్బై,” అంది. అవతల గుడారంలో కేకలు వినపడ్డాయి. జయమ్మ పులుసు పొయ్యి మీదికెక్కించడానికి వంటింట్లోకి పోయింది. ఇంట్లో మూడు కాస్త మారింది.

చైతన్య తలుపు దగ్గర లేడు. బాల్కనీలో నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. సుష్మ అటు చూసింది కూడా. ఇంకా ఎనిమిది నిమిషాలు ఉంది కదా అనుకుంది.

అయిదూ యాభై ఆరుకు డెబ్బై పోయి అరవై తొమ్మిది అయింది.

“నాన్నా, నువ్వేమైనా నొక్కావా?”

“నా చెయ్యి ఒళ్ళో ఉంది.”

నూట నలభై ఒకటి అయ్యాయి ఓట్లు. కొత్తగా వచ్చింది ఒక్కటే. వేలు కిందికి. దొంగపేరు కాదు, ఊరి పేరుతో సహా ఉంది. చైతన్య, తార్నాక. ఆడిన గంటలు రెండు వందల పన్నెండు.

సుష్మ పైకే చదవడం మొదలుపెట్టి, మధ్యలో మెల్లగా చదివి, చివరికి మనసులో చదువుకుంది.

‘ఈ ఆటను అందరికంటే ముందు ఆడింది నేను. ఇన్నాళ్ళూ రాయలేదు, తమ్ముణ్ణి కాబట్టి. పొద్దుటి నుంచి అందరూ రాశావు రాశావు అంటున్నారు. అందుకని రాస్తున్నా. ప్రశ్న రెండు, దెబ్బ. తగిలినదీ లేనిదీ తెలియదని ఇంతకు ముందు ఒకాయన రాశాడు. ఇప్పుడు తెలుస్తోందా అక్కా? మొత్తం 34 (మూడు నాలుగు).’

“తీసెయ్ రా,” అంది ఆమె, బాల్కనీ గుమ్మంలో నిలబడి.

“తీస్తా. ఆరు దాటాక.”

“చైతూ, మూడు నిమిషాలుంది. మూడేళ్ళురా.”

“ఓర్చుకోలేవా?”

“నాన్నా, వాడికి చెప్పు. నువ్వు చెప్తే వింటాడు.”

వెంకటేశ్వర్లు కుర్చీలోంచి లేవలేదు. తెర మీద రెండు రివ్యూలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, తండ్రిదీ కొడుకుదీ. రెండిటినీ మార్చి మార్చి చదివాడు, పుస్తకంలోకి ఎక్కించే ముందు చదివినట్టు.

“వానిది వాడు వేసినాడు,” అన్నాడు. “అది మార్కే.”

బల్ల మీద సుష్మ ఫోను మోగింది. హరిచందన. ఆరుకు ఇంకా రెండు నిమిషాలు ఉంది.

ఎవరూ కదలకపోతే చైతన్యే లోపలికి వచ్చాడు. ఫోను తీసి బొటనవేలితో స్పీకరు నొక్కి, అక్క ముందు పెట్టాడు.